గ్యాస్ నింపే ముందు, అది ఎటు పోయిందో చూడాలి: తాత నాటి ఫ్రిజ్, ఇనుప కూలర్ గురించి

తమ్మీ, నువ్వు అడిగింది ఇదీ. మిర్యాలగూడలో మీ తాత కొన్న 165 లీటర్ల సింగిల్ డోర్ ఆల్విన్ ఫ్రిజ్ పన్నెండేళ్ళుగా వెనక అర్రలో వడ్ల బస్తాల పక్కన పడి ఉంది. మొన్న బయటికి లాగి ప్లగ్గు పెడితే కాసేపు 'ఊఁ' అని మూలిగి, 'టక్' మని ఆగిపోతోంది. రెండు నిమిషాలకు మళ్ళీ అదే. ఒక మెకానిక్ చూసి "గ్యాస్ అయిపోయింది, నింపితే నడుస్తది" అన్నాడు. ఇంకొకాయన "పాత ఇనుప సామానోనికి ఏసెయ్" అన్నాడు. వీళ్ళలో ఎవరి మాట వినాలి, అదే అర్రలో ఉన్న ఇనుప కూలర్ కూడా బాగవుతుందా అని నీ ప్రశ్న.

ఇప్పటికి ఇద్దరి మాటా పక్కన పెట్టు. ముందు ఆ ప్లగ్గు తీసెయ్, నేను చెప్పిందాకా మళ్ళీ పెట్టకు. మూలిగిన ప్రతిసారీ కంప్రెసర్ వైండింగ్ కాలుతోంది. ఇంకో పదిసార్లు అట్లా చేస్తే బతకాల్సిన మిషన్ నీ చేతిలోనే పోతుంది.

మొదటి మెకానిక్ మాట ఎందుకు తప్పో చెప్తాను, ఎందుకంటే ఈ పనిలో ఎక్కువ డబ్బులు పోయేది అక్కడే. గ్యాస్ లేని ఫ్రిజ్ మూలగదు. లోపల గ్యాస్ లేకపోతే కంప్రెసర్ మీద బరువే ఉండదు, హాయిగా స్టార్ట్ అయి గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంది, చల్లదనం మాత్రం రాదు. వెనక ఉండే పైపుల జాలి కూడా వేడెక్కదు. మూలిగి 'టక్' మన్నదంటే కంప్రెసర్ తిరగడమే మొదలుపెట్టలేదని అర్థం. ఆ టక్కు ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ చప్పుడు, మేము ఓ.ఎల్.పి. అంటాం. మోటారు కాలిపోకుండా అది కరెంటు తెంపి, చల్లారినంక మళ్ళీ కలుపుతుంది. కాబట్టి నీ ఫ్రిజ్ మొదటి జబ్బు కరెంటు వైపు ఉంది. గ్యాస్ ఉందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు, ఆ మెకానిక్‌కు కూడా.

నల్లగొండలో ఈ పని మొదలుపెట్టి 30 ఏళ్ళు దాటింది. ఆల్విన్ ఫ్రిజ్ అనగానే నాకు పని మీద ఇష్టం ఇంకొంచెం పెరుగుతుంది, ఎందుకంటే అది మన దగ్గర పుట్టిన వస్తువు. 1942లో నిజాం కాలంలో హైదరాబాద్‌లో మొదలైన కంపెనీ అది. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, తర్వాత గడియారాలు కూడా చేశారు. తొంభైల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. పెండ్లిలో ఆల్విన్ ఫ్రిజ్ పెట్టారంటే ఊరంతా చెప్పుకున్న రోజులు నేను చూశాను. కానీ ఇష్టం వేరు, పనికొస్తుందా లేదా అన్నది వేరు. అందుకే కంప్రెసర్ ముట్టుకునే ముందు డబ్బాను, అంటే ఫ్రిజ్ బాడీని చూడాలి.

పాత ఫ్రిజ్ బతుకుతుందా లేదా తేల్చేది కంప్రెసర్ కాదు, డబ్బా. కంప్రెసర్ కొత్తది దొరుకుతుంది. ఆ డబ్బా దొరకదు. బయటి రేకుకూ లోపలి లైనింగ్‌కూ మధ్య చలిని ఆపే సరుకు ఉంటుంది. పాత మోడళ్ళలో అది గ్లాస్‌వూల్, తర్వాత వచ్చిన వాటిలో పఫ్, అంటే గట్టిపడిన నురగ. గ్లాస్‌వూల్‌లోకి చెమ్మ దిగితే అది తడి దూదిలాగా కిందికి జారి అడుగున ముద్దయిపోతుంది, పై సగం ఖాళీ. అట్లాంటి డబ్బాకు ఎంత మంచి కంప్రెసర్ పెట్టినా వానకాలంలో బయటి గోడల మీద నీళ్ళు కారుతాయి, మోటారు ఆగదు. నువ్వే చూడొచ్చు: వేలి కణుపుతో పైనుంచి కిందిదాకా తట్టు. ఒకచోట గట్టిగా, ఒకచోట డొల్లగా మోగితే లోపల జారింది. అడుగు రేకు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగుతోందా చూడు. వెనక రేకు స్క్రూలతో ఉంటే తీసి ముక్కు దగ్గర పెట్టు, ముక్కిన వాసన వస్తే తడి ఉంది. గ్లాస్‌వూల్ అయితే మార్చొచ్చు, చేతులకు గ్లవ్స్, మూతికి గుడ్డ కట్టుకుని. వడ్ల బస్తాల పక్కన ఉందన్నావు కాబట్టి ఎలుకల గూడు తప్పక వెతుకు. ఎలుకకు గ్లాస్‌వూల్ మీద, వైర్ల తొడుగు మీద భలే ప్రేమ.

డోర్ రబ్బరు సంగతి. వంద రూపాయల నోటు డోర్‌లో పెట్టి మూసి లాగు. నాలుగు వైపులా పట్టుకుంటే రబ్బరు బతికి ఉన్నట్టే. వదులుగా వచ్చిన చోట వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ పెట్టి మెల్లగా సాగదీసి, ఒక రాత్రంతా డోర్ బిగించి ఉంచు, చాలాసార్లు మళ్ళీ కూర్చుంటుంది. చీలిపోతే కొత్తది వేయాలి. మోడల్ దొరక్కపోయినా కొలత ఇస్తే మూలలు కలిపి చేసిచ్చేవాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మీ ఫ్రిజ్‌కు అయస్కాంతం రబ్బరే ఉండి ఉంటుంది. కానీ ఇది చదివే ఎవరింట్లోనైనా ఇంకా పాత రకం, హ్యాండిల్ తిప్పితే గడియ పడే డోర్ ఉన్న ఫ్రిజ్ ఉంటే, ఈ రోజే ఆ గడియ ఊడదీయండి. అట్లాంటి డోర్ లోపలినుంచి తెరుచుకోదు. దాగుడుమూతలు ఆడుతూ పిల్లలు లోపల దూరి ఊపిరాడక చనిపోయిన ఘటనల వల్లే అమెరికాలో 1956లో చట్టం చేసి, లోపలినుంచి తోస్తే తెరుచుకునే డోర్లు తప్పనిసరి చేశారు. నాగార్జునసాగర్ హిల్ కాలనీ నుంచి ఒకసారి అట్లాంటి ఫ్రిజ్ నా దగ్గరికి వచ్చింది. రిపేర్ సంగతి తర్వాత, మొదట గడియ తీశాకే దాన్ని షాపులో పెట్టుకున్నాను. షాపు ముందర పిల్లలు ఆడుతుంటారు.

డబ్బా బాగుంది అనుకుందాం. ఇప్పుడు కరెంటు. ప్లగ్గు తీసి ఉంచే, కంప్రెసర్ పక్కనున్న మూత విప్పు. మూడు పిన్నులు కనిపిస్తాయి: కామన్, స్టార్ట్, రన్. వాటి మీద మోటారును లేపే రిలే, ఓ.ఎల్.పి. తొడిగి ఉంటాయి. వాటిని లాగేసి మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి రెండేసి పిన్నుల మధ్య కొలువు. మూడు అంకెలు వస్తాయి. రెండు చిన్న అంకెలు కలిపితే పెద్ద అంకె రావాలి. ఉదాహరణకు 12, 28 వస్తే మూడోది 40 దగ్గర ఉండాలి. పెద్ద అంకె చూపిన రెండు పిన్నులు స్టార్ట్, రన్. మిగిలింది కామన్. కామన్‌తో తక్కువ ఓమ్స్ చూపేది రన్, ఎక్కువ చూపేది స్టార్ట్. ఏ పిన్ను ఎటు ఉంటుందో పుస్తకంలో బొమ్మ చూసి నమ్మకు, కంపెనీకొక రకం, మీటరే నమ్ము. ఏదైనా జతలో మీటరు కదలకపోతే వైండింగ్ తెగింది. పిన్నుకూ కంప్రెసర్ బాడీకీ మధ్య కొంచెమైనా కదిలితే బాడీ షార్ట్. ఈ రెండింట్లో ఏదైనా ఆ కంప్రెసర్ కథ అయిపోయినట్టే. బాడీ షార్ట్ సరిగ్గా తేల్చాలంటే మల్టీమీటర్ చాలదు, ఇన్సులేషన్ కొలిచే మీటరు, మెగ్గర్ కావాలి. మోటారు వైండింగ్ షాపులో ఉంటుంది, కంప్రెసర్ దగ్గరికే తెచ్చి చూపమని అడుగు.

అంకెలు సరిగ్గా వస్తే సంతోషించు, ఎందుకంటే అప్పుడు అనుమానం రిలే మీదికి పోతుంది, రిలే చిన్న ఖర్చు. పాత ఫ్రిజ్‌లలో కాయిల్ రిలే ఉంటుంది. స్టార్ట్‌లో మోటారు ఎక్కువ కరెంటు లాగినప్పుడు కాయిల్ లోపలి ఇనుప ముక్క పైకి లేచి స్టార్ట్ వైండింగ్‌కు కరెంటు ఇస్తుంది. మోటారు వేగం అందుకోగానే కరెంటు తగ్గి, ఆ ముక్క సొంత బరువుతో కింద పడుతుంది. పన్నెండేళ్ళు చెమ్మలో ఉంటే ఆ పాయింట్లు తుప్పు పడతాయి. స్టార్ట్ వైండింగ్‌కు కరెంటు అందదు, రన్ ఒక్కటే మూలుగుతుంది, ఓ.ఎల్.పి. టక్కుమంటుంది. నువ్వు చెప్పిన లక్షణం అక్షరాలా ఇదే. రిలే మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: ఆ ముక్క బరువుతో పడాలి కాబట్టి రిలే నిలువుగానే ఉండాలి, మీద రాసి ఉన్న బాణం గుర్తు పైకి ఉండాలి. తలకిందులుగా తొడిగితే పాయింట్లు విడిపోవు, స్టార్ట్ వైండింగ్ నిమిషాల్లో కాలుతుంది. అదే హార్స్‌పవర్‌కు సరిపడే రిలే వేయాలి, ఏదో ఒకటి కాదు.

రిలే కొత్తది వేసినా మూలిగితే, అప్పుడు వోల్టేజీ చూడు. మన పల్లెల్లో సాయంత్రం ఏడు, ఎనిమిదింటికి, పొలాల మోటార్లు కూడా నడుస్తుంటే, 170కి పడిపోవడం మామూలే. ఆ వోల్టేజీలో మంచి కంప్రెసర్ కూడా లేవదు. వోల్టేజీ సరిగ్గా ఉండీ లేవకపోతే లోపల పిస్టన్ పట్టేసింది. ఏళ్ళు కదలక నూనె బంకగా మారితే అట్లా అవుతుంది. మేము స్టార్ట్ కెపాసిటర్ పెట్టి, ఒకటి రెండు సెకన్లకు మించకుండా ఊపు ఇచ్చి, రబ్బరు సుత్తితో పక్కన తట్టి చూస్తాం. కొన్ని లేస్తాయి. ఇది నువ్వు చేయకు, చేయిపెట్టే మనిషికి అనుభవం ఉండాలి.

స్టెబిలైజర్ లేకుండా మాత్రం ఈ ఫ్రిజ్ నడపకు. అందులో మూడు నిమిషాల టైమ్ డిలే ఉన్నది తీసుకో. కరెంటు పోయి వెంటనే వస్తే, కంప్రెసర్ ఒక పక్క ఎక్కువ ప్రెజర్, ఇంకో పక్క తక్కువ ప్రెజర్ ఉండగానే లేవాలని చూస్తుంది. క్యాపిలరీ అనే సన్నటి పైపు గుండా రెండు పక్కలా ప్రెజర్ సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకపోతే మళ్ళీ మూలుగే.

సరే, కంప్రెసర్ లేచింది. ఇప్పుడు గ్యాస్ ప్రశ్న అడగొచ్చు. ఒక గంట నడిపి, ఫ్రీజర్ డబ్బా మీద చేయి పెట్టు. డబ్బా అంతా సమానంగా మంచు పట్టి, వెనక జాలి పైభాగం వేడిగా ఉంటే గ్యాస్ ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వకు. గ్యాస్ మోటార్ సైకిల్‌లో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ ముప్పై ఏళ్ళయినా తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారింది. మూలన కాస్త మంచు పట్టి మిగతా డబ్బా పొడిగా ఉంటే తక్కువైంది. అసలేమీ పట్టకపోతే మొత్తం పోయింది, లేదా కంప్రెసర్ పంపింగ్ చేయడం లేదు, లేదా క్యాపిలరీ మూసుకుంది. ఈ మూడింటిలో ఏదో తేల్చకుండా సిలిండర్ తెచ్చేవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపెయ్.

నేను పని నేర్చుకునే రోజుల్లో, ప్రకాశం బజార్ దగ్గర ఒక ఇంట్లో ఏడాదిలో మూడుసార్లు గ్యాస్ నింపించుకున్న ఫ్రిజ్ ఉండేది. ప్రతిసారీ అదే గోల, ప్రతిసారీ వేరే మనిషి. మా ఉస్తాద్ పోయి ఫ్రీజర్ డబ్బాలో సబ్బు నురగ రాసి పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. అడుగున, ఐస్ ట్రే పెట్టే చోట, ఒక్క బుడగ లేచింది. ఆ ఇంటి అమ్మ ఐస్ గట్టిపడితే కూరగాయల కత్తితో పెళ్ళగించేది. అల్యూమినియం డబ్బా, గోడ పలచన, కత్తి మొన దిగిన చోట సూదిబెజ్జం. ఆ ఒక్క బెజ్జం కోసం మూడుసార్లు డబ్బు కట్టారు. ఇప్పటికీ నేను చూసే గ్యాస్ లీకుల్లో ఎక్కువ భాగం ఫ్రీజర్ డబ్బాలోనే ఉంటాయి. ఇంకొన్ని జాయింట్లలో, తుప్పు పట్టిన జాలి పైపుల్లో. మంచు వేలు మందం కాకముందే ఫ్రిజ్ ఆపి కరగనివ్వాలి, కత్తి చూపించకూడదు.

లీకు వెతకడానికి నైట్రోజన్ నింపి, సబ్బు నీళ్ళు రాసి చూడాలి. ప్రెజర్ 150 పి.ఎస్.ఐ. దాటొద్దు, పాత ఫ్రీజర్ డబ్బా తట్టుకోదు. కొందరు వెల్డింగ్ సెట్టులోని ఆక్సిజన్‌తో ప్రెజర్ ఇస్తారు. మహాపాపం. ఆక్సిజన్, కంప్రెసర్ నూనె కలిస్తే బాంబు. అట్లా చేయబోతే మర్యాదగా పంపించెయ్. లీకు మూసిన తర్వాత రాత్రంతా నైట్రోజన్ గేజీ కదలకుండా నిలబడితేనే తర్వాతి పని.

ఏ గ్యాస్ వేయాలన్నది అసలు చిక్కు. మీ తాత ఫ్రిజ్‌లో ఉన్నది ఆర్-12. వెనక నేమ్‌ప్లేట్ మీద ఆర్-12 అని, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఆ ప్లేటు గీకేయకు, రంగు వేసేటప్పుడు టేపు అంటించు. పైన ఓజోన్ పొరను తినేస్తుందని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం జరిగింది, మన దేశం 1992లో చేరింది, 2010 నుంచి మన దగ్గర ఆర్-12 పూర్తిగా బంద్. ఇప్పుడు ఎవరైనా "నా దగ్గర అసలు ఆర్-12 ఉంది" అంటే నమ్మకు. మీ ఫ్రిజ్‌లో పాత గ్యాస్ ఇంకా మిగిలి ఉంటే గాలికి వదలకుండా సిలిండర్‌లోకి లాక్కునే మెకానిక్‌ను వెతుకు. గ్యాస్ ఉండగా పైపును మంటతో కోయనివ్వకు. ఆర్-12 మంటకు తగిలితే విషవాయువు అవుతుంది. పైపు కట్టర్‌తోనే కోయాలి.

నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఆర్-12కు బదులుగా ఆర్-134ఎ అనే గ్యాస్ మార్కెట్‌లోకి కొత్తగా వచ్చినప్పుడు, పాత కంప్రెసర్ బాగానే ఉంది కదా అని దానిలోనే అది నింపి ఇచ్చాను. మొదట్లో బ్రహ్మాండంగా చల్లబడింది. రెండు నెలలకు చల్లదనం తగ్గింది, ఆరు నెలలకు కంప్రెసర్ పట్టేసింది. కారణం తర్వాత తెలిసింది. ఆర్-12 కంప్రెసర్‌లో ఉండేది మినరల్ ఆయిల్. ఆర్-12తో అది కలిసి పైపులంతా తిరిగి మళ్ళీ కంప్రెసర్‌లోకి వస్తుంది. ఆర్-134ఎతో కలవదు. ఫ్రీజర్ డబ్బాలోకి పోయిన నూనె అక్కడే పేరుకుంటుంది, చల్లదనాన్ని ఆపుతుంది, ఇటు కంప్రెసర్ నూనె లేక ఎండిపోతుంది. ఆ ఇంటివాళ్ళకు నా ఖర్చుతో కంప్రెసర్ మార్చి ఇచ్చాను. కానీ ఆ ఎండాకాలం వాళ్ళ ఇంట్లో చంటిపిల్ల పాలు విరిగిపోయిన సంగతి ఇప్పటికీ మనసులో ఉంది.

కాబట్టి దారులు రెండే. పాత కంప్రెసర్ బాగుంటే, ప్రొపేన్, ఐసోబ్యూటేన్ సగం సగం కలిసిన హైడ్రోకార్బన్ మిశ్రమం. దాని ప్రెజర్లు ఆర్-12కు దగ్గరగా ఉంటాయి, మినరల్ ఆయిల్‌తో చక్కగా కలుస్తుంది. బరువులో ఆర్-12 పోసిన దాంట్లో 40 శాతం చుట్టూ చాలు. ప్లేటు మీద 130 గ్రాములుంటే 50, 55 గ్రాములు. అంత తక్కువ సరుకును గేజీ చూసి పోయలేం, తూకం మీద పెట్టి పోయాలి. ఇది వంట గ్యాస్ జాతిది, మండుతుంది, గాలికన్నా బరువు కాబట్టి కారితే డబ్బా అడుగున నిలుస్తుంది. పాత ఫ్రిజ్‌లో థర్మోస్టాట్, బల్బు స్విచ్ రెండూ లోపలే ఉంటాయి, రెండూ నిప్పురవ్వ వేసేవే. అందుకే ఈ దారి పట్టాలంటే వాటిని బయటికి మార్చాలి లేదా రవ్వ బయటికి రాని రకం వేయాలి. బల్బు కనెక్షన్ తీసేసినా నష్టం లేదు. అట్లా చేయనంటే ఆ మెకానిక్‌తో హైడ్రోకార్బన్ వేయించుకోకు. ఇక వంటింటి సిలిండర్ నుంచి గ్యాస్ ఎక్కించేవాళ్ళు కూడా ఉన్నారు. అది శుద్ధి చేసిన గ్యాస్ కాదు, అందులో తేమ, వాసన కోసం కలిపిన రసాయనం ఉంటాయి, పాళ్ళు తెలియవు. వద్దు.

కొత్త ఫ్రిజ్‌లలో ఆర్-600ఎ, అంటే ఒట్టి ఐసోబ్యూటేన్ ఉంది కదా, అదే పోయిద్దాం అని కొందరు అడుగుతారు. ఆర్-12 కోసం చేసిన కంప్రెసర్ దానికి చిన్నది. ఐసోబ్యూటేన్ పలచని ఆవిరి, అదే చలికి కంప్రెసర్ లోపల ఇంకా పెద్ద సిలిండర్ కావాలి. పోస్తే తిరుగుతుంది గానీ సరిగ్గా చల్లబడదు.

కంప్రెసర్ పోయి ఉంటే రెండో దారి: ఆర్-134ఎ కంప్రెసర్ కొత్తది వేసి, పైపుల్లో పాత నూనె కడిగేసి, దానికి తగ్గట్టు క్యాపిలరీ, ఫిల్టర్ మార్చడం. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, ఫ్రిజ్ వంటింట్లోనే పెట్టాలంటే నేను ఈ దారే చెప్తాను, అది మండదు కాబట్టి.

ఏ దారైనా మూడు పనులు మానకూడదు. పైపు తెరిచిన ప్రతిసారీ ఫిల్టర్ కొత్తది. వ్యాక్యూమ్ పంపుతో అసలు వ్యాక్యూమ్, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను పంపుగా వాడి కాదు. 30 డిగ్రీల గదిలో నీళ్ళు మరగాలంటే ప్రెజర్ 32 మిల్లీమీటర్ల పాదరసం కంటే దిగాలి, లోపలి తేమంతా లాగెయ్యాలంటే ఇంకా చాలా లోతుకు, 500 మైక్రాన్ల దాకా, అంటే అర మిల్లీమీటరు దాకా పోవాలి. పంపు ఆపాక గేజీ పది నిమిషాలు నిలవాలి. తేమ ఒక చుక్క మిగిలినా అది క్యాపిలరీ చివర గడ్డకట్టి దారి మూస్తుంది. ఫ్రిజ్ కాసేపు చల్లబడి, ఆగి, మంచు కరిగాక మళ్ళీ చల్లబడుతుంది. అట్లా జరుగుతుంటే క్యాపిలరీ ఫ్రీజర్‌లోకి చేరే చోట వేడి గుడ్డ పెట్టు. 'స్స్' మని చప్పుడు వచ్చి చల్లదనం మొదలైతే జబ్బు తేమే, గ్యాస్ కాదు. మూడోది, థర్మోస్టాట్: దాని రెండు వైర్లు నేరుగా కలిపితే కంప్రెసర్ లేచి, మళ్ళీ థర్మోస్టాట్‌కు తగిలిస్తే లేవకపోతే థర్మోస్టాట్ పోయింది.

రంగు విషయం పెద్ద కష్టం కాదు. తుప్పును నీళ్ళతో తడిపి ఎమరీ పేపర్‌తో తీయి. పొడిగా గీకకు, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ ధూళి పీల్చొద్దు. తర్వాత రెడ్ ఆక్సైడ్, పుట్టీ, పైన కారు రంగు. నల్లగొండలో కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసేవాళ్ళు ఫ్రిజ్ డోర్ సంతోషంగా చేస్తారు. మీ తాత ఫ్రిజ్ అసలు రంగు డోర్ వెనక, రబ్బరు కింద బతికే ఉంటుంది, దాన్ని చూపించి కలిపించు. లోపలి ఎనామిల్‌ను యాసిడ్‌తో తోమకు. వంటసోడా, గోరువెచ్చని నీళ్ళు చాలు.

అసలు ఈ ఖర్చు పెట్టాలా అంటే, కరెంటు లెక్క ఒక్కటి చూడు. 130 వాట్ల కంప్రెసర్ రోజుకు 12 గంటలు నడిస్తే ఒకటిన్నర యూనిట్, నెలకు 47 దాకా. రబ్బరు వదులై, గ్లాస్‌వూల్ తడిసి రోజుకు 20 గంటలు నడిస్తే నెలకు 78. అందుకే డబ్బా ముందు చూడమన్నాను. డబ్బా మంచిగా ఉంటే చేయించు. డబ్బా, కంప్రెసర్ రెండూ పోతే, తాత గుర్తుగా డోర్, ఆల్విన్ బ్యాడ్జి దాచుకుని మిగతాది ఇచ్చెయ్. అట్లా ఇచ్చేటప్పుడు కూడా గ్యాస్ బయటికి వదలకుండా ఇవ్వు.

ఒక్కమాట పక్కదారి. పాత ఇళ్ళలో ఎక్కడైనా కిరోసిన్‌తో నడిచే ఫ్రిజ్ ఉండొచ్చు. కింద దీపం, పైన ఐస్. అందులో కంప్రెసర్ ఉండదు, అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్ కలిసి వేడి మీద తిరుగుతాయి. చల్లబడకపోతే మొదట నేల మట్టం చూడండి. ఒరిగి ఉంటే అది పనిచేయదు. పైపు మాత్రం కోయొద్దు. లోపల తుప్పు పట్టకుండా వేసిన క్రోమేట్ విషం, అమ్మోనియా ఊపిరితిత్తులు కాలుస్తుంది.

ఇక మీ ఇనుప కూలర్. దాన్ని తప్పక చేయించు, ఫ్రిజ్‌కన్నా తేలిక. మన జిల్లా ఎండాకాలం దానికే పుట్టింది. మేలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ 24 చూపిస్తుంది. మంచి గడ్డి ఉన్న కూలర్ గాలిని 30 దగ్గరికి తెస్తుంది. జులైలో అదే కూలర్ ఉక్కపోత తెస్తుందే తప్ప చల్లబరచదు, అది దాని తప్పు కాదు. ఫ్లోరైడ్‌తో మన నీళ్ళకు పేరు పోయింది గానీ, కూలర్‌ను చంపేది బోరు నీళ్ళలో ఉండే సున్నం, ఉప్పు. నీరు ఆవిరవుతుంటే అవి ట్యాంకులో మిగిలి గడ్డిని రాయిలా చేస్తాయి, పంపు జామ్ అవుతుంది. వారానికి రెండుసార్లు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కొత్త నీళ్ళు పోయి. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తుంటే అవే పోయి. పంపుకు పట్టిన తెల్లటి పొర నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెడితే వదులుతుంది. ట్యాంకు అడుగు తుప్పు తీసి రెడ్ ఆక్సైడ్ మీద తారు పూత రెండు చేతులు వేయించు. గడ్డి ప్రతి ఏటా కొత్తది. ఫ్యాన్ మోటారు నెమ్మదిగా తిరిగితే కెపాసిటర్ మార్చి చూడు, వైండింగ్ దాకా పోకముందే.

కానీ కూలర్‌లో నేను ప్రాణం పెట్టి చెప్పేది ఒకటే: ఎర్త్. ఇనుప డబ్బా, నీళ్ళు, 230 వోల్టుల పంపు, తడి నేల మీద బోసికాళ్ళు. ప్రతి ఎండాకాలం మన రాష్ట్రంలో కూలర్ షాక్‌తో చనిపోయినవాళ్ళ వార్తలు చదువుతూనే ఉన్నాం. రెండు పిన్నుల ప్లగ్గు తీసేసి మూడు పిన్నులది పెట్టు, ఆకుపచ్చ వైరు కూలర్ బాడీకి బోల్టుతో బిగించు, ఆ ప్లగ్ బోర్డుకు నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. వీలైతే కరెంటు లీకైతే వెంటనే తెంపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్ పెట్టించు. నీళ్ళు పోసేటప్పుడు ప్లగ్గు బోర్డులోంచి బయటికి ఉండాలి, స్విచ్ ఆపితే చాలదు.

ఫ్రిజ్ నల్లగొండకు తెస్తానంటే, ఆటోలో నిలబెట్టే తీసుకురా. పడుకోబెడితే కంప్రెసర్ నూనె పైపుల్లోకి పోతుంది. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే, దించిన తర్వాత ఒక పూట నిలబెట్టి ఉంచాకే ప్లగ్గు. బయల్దేరే ముందు నేమ్‌ప్లేట్ ఫొటో, కంప్రెసర్ మీది ప్లేటు ఫొటో, మూడు పిన్నుల మధ్య మీటరు చూపిన అంకెలు పంపు. ఆ మూడు ఉంటే సగం సంగతి ఫోన్‌లోనే తేలుతుంది. రిలే ఒక్కటే అని తేలితే మిర్యాలగూడలోనే మార్పించుకో, నా దాకా రావద్దు. లేచిన తర్వాత గోడకు జానెడు దూరంలో పెట్టి, ఖాళీగా 24 గంటలు నడుపు. మధ్య అరలో గ్లాసుడు నీళ్ళలో థర్మామీటర్ ఉంచి, మర్నాడు చూడు. 4 నుంచి 7 డిగ్రీల మధ్య ఉండి, కంప్రెసర్ మధ్య మధ్యలో తనంతట తాను ఆగి మళ్ళీ లేస్తుంటే, అప్పుడు పాలగిన్నె పెట్టొచ్చు.